బండక్క పిల్లికి జబ్బు చేసినప్పుడు

బండక్కకి ఆ పేరు పెట్టింది ఆమె తండ్రి. ముద్దుగా పెట్టింది కాదు. బెల్టు గాల్లోకి లేచిందంటే చాలు, అన్న ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. చెల్లెలికి మాత్రం వీపు మీద తట్లు తేలినా కంట్లో తడి వచ్చేది కాదు. "ఇది పిల్ల కాదు, బండ" అని ఆయనే అలిసిపోయి, రొప్పుకుంటూ కుర్చీలో కూలబడేవాడు. అలా వాడుకైపోయింది. తర్వాత లాండ్రీకి వచ్చేవాళ్ళు ఆమె భారీ ఒళ్ళూ, స్తంభాల్లాంటి చేతులూ చూసి, సరైన పేరే పెట్టారని నవ్వుకునేవారు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

లాండ్రీ తండ్రిదే. ముందు గదిలో కౌంటరు, దాని వెనక గోడ పొడుగునా ఇనుప కమ్మీలు, వాటికి వేలాడే కవర్లు తొడిగిన బట్టలు. అందనంత ఎత్తులో ఉన్నవాటిని దించడానికి చివర కొక్కెం ఉన్న పొడుగాటి ఇనప కర్ర ఒకటి మూలన నిలబడి ఉండేది. మధ్య గదిలో ఇస్త్రీ బల్లలు. వెనక గదిలో గుండ్రటి అద్దం తలుపుల మెషిన్లు, సబ్బు నీళ్ళు పోయే గాడి, ఎప్పుడూ తడిగా ఉండే గచ్చు. కాపురం మేడ మీద. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆ గచ్చు మీదే ఒకనాడు కాలు జారి, తల గాడి అంచుకి కొట్టుకుని తండ్రి కూడా పోయాడు. శవం మీద పడి అన్న ఏడ్చిన ఏడుపు చూసి వీధి వీధంతా కళ్ళొత్తుకుంది.

నెల తిరక్కుండానే, ఒక చొక్కా బొత్తాం ఇస్త్రీ పెట్టె కింద కరిగిపోయిందని అన్న ఆమెని హ్యాంగరు పెట్టి బాదాడు. నొప్పి ఆమెకి కొత్త కాదు. కానీ చెయ్యి లేపేముందు అతను కింది పెదవిని పళ్ళతో బిగబట్టిన తీరు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. అచ్చం తండ్రి చేసినట్టే చేశాడు. ఆ ముసలాయన ఎక్కడికీ పోలేదన్నమాట, అనుకుంది.

ఆమెకి పెళ్ళి ఊసు ఎవరు ఎత్తినా, "అది వెళ్తే ఇస్త్రీ నువ్వు చేస్తావా?" అని అన్న ఎదురు ప్రశ్న వేసేవాడు. పెళ్ళి అతను చేసుకున్నాడు. వదిన సన్నగా, గాలికి ఊగే మనిషిలా ఉండేది. కౌంటరు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళ బట్టలు ఏవి ఎవరివో ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకునేది. దెబ్బల్లో ఆమెకీ వాటా దొరికింది. వదిన వీపుకి బండక్క మందు రాసేది, బండక్క భుజానికి వదిన రాసేది. ఎలా తగిలిందని ఒకరినొకరు అడిగేవారు కాదు. రాయడం అయ్యాక చేతులు కడుక్కుని, ఎవరి పని వాళ్ళు చూసుకునేవారు.

పిల్లి ఈ ఇంట్లోకి ఒక హోటలు వాళ్ళ దుప్పట్ల మూటలో వచ్చింది. మూట విప్పితే, అప్పుడే కళ్ళు తెరిచిన తెల్లటి కూన ఒకటి దిండు గలీబులోంచి తల బయటపెట్టి, ఇంత నోరు చేసుకుని అరిచింది. "గంజిలో ముంచి తీసినట్టున్నావేరా" అంది బండక్క. గంజి అన్నదే పేరైపోయింది. బయట పారెయ్యమన్నాడు అన్న. కానీ అప్పుడు లాండ్రీలో ఎలుకలు కోట్ల జేబులు కొరికేస్తున్నాయి. కూన పెరిగి ఎలుకని పట్టి తెచ్చి అతని చెప్పుల దగ్గరే పెట్టేసరికి, "ఉండనీ" అన్నాడు. గంజి పెరిగి దొడ్డ పిల్లి అయ్యాడు. ఇస్త్రీ బల్ల చివర వెచ్చగా ఉండే చోట కాళ్ళు లోపలికి ముడుచుకుని, చొక్కాల మీద చొక్కాలు పేరుతుంటే ఇన్‌స్పెక్టరులా చూస్తూ కూర్చునేవాడు. అన్న దగ్గు మేడ మెట్ల మీద వినిపిస్తే మాత్రం బల్ల కింద ఉండేవాడు. బండక్క ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి. గంజితో మాత్రం పొద్దుట మొదలుపెడితే సాయంత్రం దాకా ఆపేది కాదు. "ఈ లాయరు గారికి మెడ ఎంత లావో చూశావా? కాలరు ఎప్పుడూ ఇలాగే నల్లబడుతుంది" అంటూ ఉండేది.

గంజి శుభ్రం తెలిసిన జీవి. వెనక గదిలో మూలనున్న ఇసుక తట్ట తప్ప ఇంకోచోటు ఎరగడు. అలాంటిది ఒక పొద్దున లాయరు గారి తెల్ల చొక్కాల దొంతర మీద అరచేతి మేర తడి కనిపించింది. అంచు లేత గులాబీ రంగులో ఉంది. బండక్క దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, గబగబా దాచబోయింది. అప్పటికే అన్న గుమ్మంలో ఉన్నాడు.

"ఏమిటే అది?"

"ఏం లేదన్నయ్యా. నీళ్ళు పడ్డాయి."

అతను చొక్కా లాక్కుని వాసన చూశాడు. అదే చొక్కాని తాడులా మెలిపెట్టి ఆమె మొహం మీద కొట్టాడు. బొత్తాం తగిలి కనుబొమ చిట్లింది. బల్ల కిందకి వంగి, గంజిని కాలితో లాగి తన్నాడు. పిల్లి మెషిన్ల దాకా జారుకుంటూ పోయింది.

ఆ తర్వాత తడి రోజూ ఎక్కడో ఒకచోట కనిపించేది. ఒకసారి తువ్వాళ్ళ బుట్టలో, ఒకసారి కౌంటరు కింద, ఒకసారి అన్న చెప్పులోనే. గంజి మాటిమాటికీ తట్టలోకి వెళ్ళి, వెనక కాళ్ళ మీద వంగి, ఒళ్ళంతా బిగబట్టి కూర్చునేవాడు. ఏమీ వచ్చేది కాదు. లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చునేవాడు. సన్నగా మూలిగి, కాళ్ళ మధ్య నాక్కునేవాడు. బండక్క మలబద్ధకమనుకుని పాలల్లో నూనె చుక్క వేసి పెట్టింది. గంజి దాని వంక చూడలేదు.

"నాకేదో తేడాగా ఉంది అమ్మాయ్. వీధి చివర పశువుల డాక్టరమ్మ ఉందిగా, ఒకసారి చూపించు" అంది వదిన.

మెట్ల మీద ఆ మాట విన్నాడు అన్న. "పిల్లికి డాక్టరా? నాకు జ్వరమొస్తే ఎవరైనా తీసుకెళ్ళారా?" అని పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే వదిన జడ పట్టుకుని తలని గోడకి ఒక్కసారి కొట్టాడు, ఎక్కువ గట్టిగా కాదు, గుర్తుండేలా. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి ఇసుక తట్టని ఎత్తి వీధిలోకి విసిరేశాడు. "మర్యాదలు ఎక్కువై దీనికి పొగరు పట్టింది. వీధిలో పిల్లులు పోసుకోవట్లేదా?"

తట్ట పోయాక గంజి వెళ్ళడానికి చోటు లేదు. ఎక్కడ వంగినా చెప్పుకాలు వస్తుందని తెలిసిపోయింది. మెషిన్ వెనక సందులో ముడుచుకుపోయాడు. తిండి మానేశాడు. బండక్క చెయ్యి లోపలికి పెట్టి పిలిస్తే కళ్ళు మాత్రం తెరిచేవాడు.

హోటలు వాళ్ళ బల్లగుడ్డలు ఇవ్వాల్సిన రోజు వచ్చింది. మధ్యాహ్నం దాకా బండక్క వాటినే ఇస్త్రీ చేసింది. మడతపెట్టినవి బుట్టలో పేర్చి వెనక గదిలో పెట్టింది. గంజి సందులోంచి ఈడ్చుకుంటూ బయటికొచ్చి, ఎలా ఎక్కాడో ఆ బుట్ట ఎక్కి, మెత్తటి గుడ్డల మీద వంగాడు. గట్టిగా అరిచాడు. ఆ అరుపు పిల్లి అరుపులా లేదు. బండక్క పెట్టె నిలబెట్టి తిరిగేలోపు అన్న వెనక గదిలో ఉన్నాడు.

ఆమె వెళ్ళేసరికి గంజిని మెడ దగ్గర తోలు పట్టుకుని గోడకేసి కొట్టాడు. కిందపడ్డవాణ్ణి మళ్ళీ ఎత్తాడు. ఖాళీగా ఉన్న మెషిన్ తలుపు తెరిచి లోపలికి విసిరి, తలుపు మూశాడు. గుండ్రటి అద్దం వెనక తెల్లటి బొచ్చు, తెరిచిన నోరు.

"నా బట్టలు కంపు కొట్టించినవాడికి ఆ కంపు వదిలిస్తా. వేణ్ణీళ్ళతో ఉతుకుతా" అని కుడిచెయ్యి మీటల దగ్గర పెట్టాడు.

బండక్కకి తాను మధ్య గదిలోకి వెళ్ళినట్టు గుర్తులేదు. ఇస్త్రీ పెట్టె చేతిలో ఉంది, ప్లగ్గు గోడలోంచి ఊడి, వైరు తోకలా వెనకాలే ఈడ్చుకొస్తోంది. పెట్టెని అన్న చేతి మీద పెట్టి నొక్కింది. చెమ్మగిల్లిన బట్ట మీద పెట్టినప్పుడు వచ్చే శబ్దమే వచ్చింది. కిందున్నది బట్ట కాదు కాబట్టి వాసన మాత్రం వేరు. అన్న కేక వేసి మోకాళ్ళ మీద పడ్డాడు. చెయ్యి మెషిన్ మీంచి లాక్కున్నాడు. అప్పుడామె ఆపెయ్యచ్చు. ఆపలేదు. ఆ చేతి వెంటే కిందకి వంగి, మెషిన్ పక్కరేకుకి అదిమి, ఒంటి బరువంతా పెట్టె మీద మోపింది. ముడత పోవడానికి మొండి గుడ్డ మీద ఎలా మోపుతుందో అలాగే.

"చాలు అమ్మాయ్! చాలు! చాలు!" వదిన వెనకనించి ఆమె నడుం పట్టుకుని గుంజుతోంది.

పెట్టె తీస్తే చర్మం దానితోపాటే లేచింది. అన్న సబ్బు నీళ్ళ గాడిలో చెయ్యి పెట్టి, చిన్నప్పుడు ఏడ్చినట్టే ఏడుస్తున్నాడు. బండక్క తలుపు తెరిచి గంజిని బయటికి తీసింది. ఒళ్ళు చెక్కలా బిగిసి ఉంది, ఊపిరి మాత్రం ఉంది. చేతికందిన దిండు గలీబులో చుట్టుకుని, చెప్పులు లేకుండానే వీధిలో పరుగెత్తింది.

పశువుల డాక్టరమ్మది ఒక్క గది ఆసుపత్రి. ముందు అద్దం తలుపు, లోపల రేకు పరిచిన బల్ల, మందుల బీరువా. పొట్టి జుట్టూ పెద్ద గొంతూ ఆవిడవి. ఆవిడ దగ్గర పనిచేసే కాంపౌండరు ఎద్దులాంటి మనిషి, మాట మాత్రం పిల్లలతో మాట్లాడినట్టు మెత్తగా ఉంటుంది. డాక్టరమ్మ గంజి పొట్ట మీద వేళ్ళు పెట్టి తడిమి, మొహం గంభీరం చేసుకుంది.

"ఒంటికి పోయి ఎంతసేపైంది?"

"పోతూనే ఉన్నాడు డాక్టరమ్మా. అన్నిచోట్లా పోసి పెడుతున్నాడు. అందుకే కదా తన్నులు."

"పోసి పెట్టడం కాదమ్మా అది. పొయ్యలేకపోవడం. మూత్రసంచిలో ఇన్ఫెక్షన్ చేరితే లోపల మంట పుడుతుంది. చుక్క రాగానే ఇంకా ఉందనిపిస్తుంది, మళ్ళీ కూర్చుంటాడు. తట్టలో కూర్చున్నప్పుడు నొప్పి వేసిందని తట్టంటేనే భయం పట్టుకుంటుంది, మెత్తటి చోటు వెతుక్కుంటాడు. మగపిల్లికి దారి మరీ సన్నం. చీమూ, ఇసుకలాంటి నలుసులూ అడ్డుపడి ఇప్పుడది పూర్తిగా మూసుకుపోయింది. చెయ్యి పెట్టి చూడు."

బండక్క చెయ్యి పెట్టింది. మెత్తగా ఉండాల్సిన పొట్టలో గట్టిగా, గుండ్రంగా రాయిలాంటిది తగిలింది.

"ఇలాగే వదిలేస్తే విషం రక్తంలోకి ఎక్కి పోతాడు. పట్టుకో. గట్టిగా కాదు, భయపడకుండా పట్టుకో."

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సన్నటి మెత్తటి గొట్టం ఒకటి లోపలికి పంపింది. పోలేదు. నీటి మందు చిమ్మి మళ్ళీ తోసింది. డాక్టరమ్మ నుదుటి చెమట బల్ల మీద పడుతోంది. ఉన్నట్టుండి గొట్టం జారింది. ఎర్రటి మూత్రం, అందులో ఇసుకలాంటి గరుకుతో, రేకు పళ్ళెంలోకి ధారగా వచ్చింది. వస్తూనే ఉంది. అంత చిన్న ఒంట్లో అంత నొప్పి ఎక్కడ దాచాడా అని బండక్క పళ్ళెం వంకే చూస్తూ నిలబడింది. తాను ఆ చొక్కాని దాచబోవడం, పాలల్లో నూనె పొయ్యడం గుర్తొచ్చి సిగ్గేసింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది. "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?"

"ఎందుకలా అడుగుతున్నారు?"

"పక్కటెముకల మీద కమిలిన గుర్తులున్నాయి. ఒకటి పాతది. నీ కనుబొమ కూడా చూశాను. పిల్లికి భయం పట్టుకుంటే నీళ్ళు తాగడు, ఒంటికి వెళ్ళడు, బిగబట్టుకుంటాడు. జబ్బు ఇంకా ముదురుతుంది. ఇన్ఫెక్షన్‌కి మందిస్తాను. మళ్ళీ ఆ ఇంటికే తీసుకెళ్తే మళ్ళీ నా దగ్గరికే వస్తావు."

బండక్క జవాబు చెప్పేలోపు అద్దం తలుపు భళ్ళున పగిలింది.

అన్న. కాలిన చేతికి తడి తువ్వాలు చుట్టుకున్నాడు, ఎడమచేతిలో కొక్కెం ఉన్న ఇనప కర్ర. కాంపౌండరు అడ్డం వెళ్తే కర్ర చివరతో కడుపులో పొడిచి పక్కకి తోశాడు. "ఏదే, ఎక్కడే అది? దాన్ని చంపి నిన్ను చంపుతా!"

గంజి బల్ల మీద మత్తులో ఉన్నాడు. గొట్టం ఇంకా లోపలే ఉంది, ఒక కాలికి సెలైన్ ఎక్కుతోంది. "కదిలించకు, చిరిగిపోతుంది!" అని డాక్టరమ్మ అరిచింది. బండక్క కదిలించలేదు. బల్ల మీదకి వంగి, మోచేతులు రెండువైపులా ఆనించి, పిల్లికి పైకప్పులా నిలబడింది. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది మెడ పక్కన. కొక్కెం భుజంలో దిగి బట్టనీ కండనీ చీల్చింది. ఎడమచేతి మీద పడిన దెబ్బకి ఎండుపుల్ల విరిగినట్టు శబ్దమైంది. ఆ చెయ్యి మడతపడిపోతే, కుడి మోచెయ్యి మీదే బరువంతా పెట్టి అలాగే నిలబడింది. పళ్ళెంలో ఆమె నెత్తురు చుక్కలు పిల్లి నెత్తురులో కలిశాయి.

ఈలోగా కాంపౌండరు లేచి వెనకనించి అన్న మెడ చుట్టూ చెయ్యి వేశాడు. ఇద్దరూ పగిలిన అద్దం మీద పడి దొర్లారు. అన్న అతని చెయ్యి కొరికాడు. అతను అన్న మొహాన్ని గచ్చుకేసి అదిమాడు. గాజుముక్క ఒకటి అన్న చెంపని దవడ దాకా కోసింది. మెత్తగా మాట్లాడే ఆ మనిషే, కళ్ళు ఎర్రబడి, పిడికిలి బిగించి గుద్దు మీద గుద్దు గుద్దుతుంటే డాక్టరమ్మే వెళ్ళి ఆపాల్సి వచ్చింది. పోలీసులు వచ్చేసరికి గదిలో నిలబడి ఉన్నది ఆడవాళ్ళిద్దరే.

స్టేషన్లో అన్న కాలిన చెయ్యి ముందుకు చాపాడు. "ముందు ఇది నన్ను కాల్చింది సార్. ఒక పిల్లి కోసం తోడబుట్టినవాణ్ణి కాల్చింది. అడగండి, అబద్ధమేమో అడగండి."

చేతికి కట్టుతో కూర్చున్న బండక్క వైపు తిరిగాడు ఇన్‌స్పెక్టరు. "కాల్చావా?"

"కాల్చాను సార్. అన్నయ్య చెయ్యి తీసేసుకున్నాక కూడా కాల్చాను."

పక్కన రాసుకుంటున్న కానిస్టేబులు కలం ఆగింది. "అదేంటమ్మా, నీమీద నువ్వే చెప్పుకుంటావు?"

"జరిగింది అదే కదా."

అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న వదిన లేచింది. పమిట పక్కకి లాగి, ఇన్‌స్పెక్టరు ముందు వీపు తిప్పి నిలబడింది. హ్యాంగరు వాతలు ఒకదాని మీద ఒకటి, కొన్ని నల్లగా, కొన్ని పసుప్పచ్చగా. "పైన కనబడేది ఎప్పుడు తగిలిందో ఆయన్ని అడగండి సార్. దానికిందది ఎప్పుడు తగిలిందో కూడా అడగండి. ఆయన చెప్పలేకపోతే నేను చెబుతా." గాలికి ఊగే మనిషి ఆ రోజు ఊగలేదు. అన్న తల వంచుకున్నాడు.

కోర్టు అతన్ని కొంతకాలం జైల్లో పెట్టింది. బండక్కని మందలించి, మళ్ళీ ఎవరి మీదా చెయ్యి చేసుకోకూడదని పూచీ రాయించుకుని వదిలింది.

లాండ్రీ ఆడవాళ్ళిద్దరి చేతికీ వచ్చింది. గంజి ఇంటికొచ్చాడు, ఒళ్ళు సగమై. డాక్టరమ్మ చెప్పినట్టు ఎండు తిండి మానేసి నీళ్ళగా ఉండే తిండి పెట్టారు, గదికో గిన్నెలో నీళ్ళు పెట్టారు. పారే నీళ్ళంటే గంజికి ఇష్టమని కనిపెట్టి వదిన వెనక గది కుళాయిని సన్నగా కారనిచ్చేది. కొత్త తట్ట మేడ మీద, ఎవరి అడుగుల చప్పుడూ పడని మూల పెట్టారు. రోజూ పొద్దున్నే ఇసుక గడ్డలు ఎంత ఉన్నాయో చూసి, "దొరగారు ఇవాళ బాగానే దయచేశారు" అని వదిన మెట్ల మీంచి ప్రకటించేది. లాండ్రీలో అలా గట్టిగా మాట్లాడుకోవడం అదే మొదలు.

మాత్రలతోనే వచ్చింది చిక్కంతా. ఒంటిచేత్తో బండక్క గంజి నోరు తెరిచి మాత్ర వేస్తే, ఉమ్మేసేవాడు. మళ్ళీ వేస్తే మళ్ళీ ఉమ్మేసేవాడు. ఒక పొద్దున అలాగే పెనుగులాడుతుంటే, గంజి ఆమె బొటనవేలిని ఎముక దాకా కొరికాడు. ఆమె చెయ్యి పైకి లేచింది. బరువైన చెయ్యి, ఏళ్ళ తరబడి ఇస్త్రీ పెట్టె మోసిన చెయ్యి, అరచెయ్యి తెరుచుకుని గాల్లో ఉంది. గంజి చెవులు వెనక్కి పెట్టి నేలకి అతుక్కుపోయాడు. అతని కింద చిన్న తడి మొదలైంది. అప్పుడామెకి తన కింది పెదవి తన పళ్ళ మధ్యే ఉందని తెలిసింది.

చెయ్యి దించి వెనక గదిలోకి వెళ్ళి గచ్చు మీద కూర్చుంది. వదిన వచ్చి చూస్తే తన కుడి అరచెయ్యి వంకే చూసుకుంటోంది.

"ఏమైంది?"

"నా చెయ్యి కూడా అలాంటిదే వదినా. ఆ రోజు అన్నయ్యని కాలుస్తుంటే నాకు హాయిగా ఉంది. ఆపబుద్ధి కాలేదు. ఇవాళ దీన్ని కొట్టబోయాను. నాన్న చెయ్యి నాకూ వచ్చింది."

వదిన కూడా ఆమె పక్కన గచ్చు మీద కూర్చుంది. ఓదార్పు మాటలు ఆమెకి రావు. "కొట్టావా?" అని అడిగింది.

"లేదు."

"అయితే మాత్ర వేసేటప్పుడు నన్ను పిలు. ఒక్కదానివే వెయ్యకు."

అప్పట్నుంచి మాత్ర వేసే పని ఇద్దరిదీ అయింది. గంజిని తువ్వాల్లో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి వదిన ఒళ్ళో పెట్టుకునేది. బండక్క వెనకనించి దవడ తెరిచి, మాత్ర నాలుక మొదట్లో పెట్టి, గొంతు నిమిరేది. చెయ్యి బిగుసుకుంటోందనిపిస్తే లేచి బయటికెళ్ళి, మళ్ళీ వచ్చేది. లేచి వెళ్ళినందుకు వదిన ఏనాడూ కారణం అడగలేదు. వానాకాలంలో మూత్రంలో మళ్ళీ గులాబీ చార కనిపించింది. ఈసారి పాలూ లేవు, నూనే లేదు. చేతిలో చొక్కా బల్ల మీదే వదిలేసి, పిల్లిని చంకన పెట్టుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరికి నడిచింది. ఈసారి దారి మూసుకుపోకుండానే తగ్గింది. కాంపౌండరు తన చేతి మీద పంటి మచ్చ చూపించి, "మనిద్దరం ఒకే మనిషి బాధితులం గంజీ" అని పిల్లితో మొరపెట్టుకున్నాడు.

అన్న విడుదలైన సంగతి వాళ్ళకి ఎవరో చెప్పారు. అయినా అతను కౌంటరు ముందు నిలబడేసరికి వదిన చేతిలో కవరు జారిపోయింది. చిక్కిపోయాడు. చెంప మీద గాటు దవడ దాకా మెరుస్తోంది. మధ్య గదిలో గంజి అతని దగ్గు విన్నాడేమో, బల్ల మీంచి దూకి మేడ మీదకి పారిపోయాడు. బండక్క ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. దాన్ని అక్కడే వదిలి, ఖాళీ చేతులతో ముందు గదిలోకి వచ్చింది.

"ఆ పిల్లి బతికే ఉందా?" అన్నాడు అన్న.

"ఉంది."

అతను కుడిచెయ్యి కౌంటరు మీద పెట్టాడు. చర్మం మైనంలా నున్నగా, ఎర్రగా ఉంది. వేళ్ళు సగం దాకానే ముడుచుకుంటున్నాయి. "చూడు. అన్నం కలుపుకోలేను."

ఆమె చూసింది. పూర్తిగా చూసింది. "నేనే చేశాను" అంది. తన ఎడమ ముంజెయ్యి పక్కన పెట్టలేదు, అది వంకరగా అతుక్కుందని చెప్పలేదు.

"నేను మారాను. ఒట్టు." అతను వదిన వైపు చూశాడు. వదిన అతని వైపు చూడలేదు. అతను మళ్ళీ చెల్లెలి వైపు తిరిగాడు. "నాన్న కంటే నేను నయమే కదే? నిజం చెప్పు. నాన్న కంటే నయమే కదా?"

బండక్క ఆలోచించింది. ఆయన బెల్టూ, ఇతని హ్యాంగరూ. అవే దెబ్బలు తిన్న ఈ పిల్లవాడు, ఆమె కంటే ముందు ఏడ్చేవాడు, ఆమె కంటే ముందు దొరికిపోయేవాడు. "నయమే అన్నయ్యా" అంది. అబద్ధమాడినట్టు ఆమెకి అనిపించలేదు.

అతను కౌంటరు పక్కనున్న చిన్న తలుపు మీద చెయ్యి వేశాడు.

"లోపలికి మాత్రం రాకు."

గొంతు పెంచలేదు. అతను ఆ తలుపు మీద చెయ్యి ఉంచి, చెల్లెలి మొహం వంక, ఆమె ఖాళీ చేతుల వంక చూశాడు. అతని కింది పెదవి లోపలికి వెళ్ళింది. వీధిలో వెళ్ళేవాళ్ళు ఇద్దరు ఆగారు. వదిన లేచి వచ్చి బండక్క పక్కన నిలబడింది. ఆ తలుపు నడుమెత్తుది. అతను తన్నితే ఊడిపోతుంది. చాలాసేపటికి పెదవి వదిలేశాడు.

"నా బట్టలు?"

వదిన కమ్మీ చివర నుంచి ఒక మూట దించింది. అతను జైల్లో ఉన్నన్నాళ్ళూ అవి అక్కడే ఉన్నాయి, ఉతికి, ఇస్త్రీ చేసి, మడత చెదరకుండా. వాటిని బండక్కే ఇస్త్రీ చేసింది. ఎందుకని వదిన అడగలేదు, ఆమె చెప్పలేదు. అతను మూటని ఎడమచంకలో పెట్టుకుని వీధి మలుపు తిరిగాడు. సరుకుల గోదాము ఒకదాంట్లో కాపలా పని దొరికిందని తర్వాత తెలిసింది. అక్కడా ఎవరినో కొట్టాడనీ, కొట్టలేదు తిట్టాడంతేననీ రెండు రకాలుగానూ విన్నారు.

ఆ రోజు వదిన అన్నం తినలేదు. "నేను పొమ్మనలేకపోయాను, నువ్వే అన్నావు" అంది ఒక్కసారి. సాయంత్రం దాకా గంజి కిందికి రాలేదు. బండక్క పిలవలేదు. నీళ్ళ గిన్నె మాత్రం మేడ మెట్ల మీద, గంజి నక్కిన చోటికి కొంచెం ఇవతలగా పెట్టి వచ్చి, లాయరు గారి కాలరు మీద నీళ్ళు చిలకరించింది.